సున్నా అంటే ఔననే సైరన్

మా ఊర్ల గడియారాలు లేవని కాదు. గోడకొకటి, చేతికొకటి, జేబుల ఫోన్ల ఇంకొకటి. అయినా ఊరు నడిచేది మాత్రం కంపెనీ కూత మీదనే. హత్నూర దిక్కు, మా పత్తి చేన్లను ఆనుకొని, మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటున్నది. దాని సైరన్ పొద్దున ఆరింటికి కూస్తది, పగటికి ఒకసారి కూస్తది, షిఫ్టు మారేటప్పుడు మళ్ల కూస్తది. మొదటి కూతకు పాలు పిండుడు అయిపోవాలె. పగటి కూతకు చేన్ల పత్తి ఏరే ఆడోళ్లు నడుములు నిలబెట్టి సద్దులు విప్పుతరు. మా అమ్మ గోడ గడియారం దిక్కు చూసుడు నేనెన్నడు చూడలే. దాంట్ల సెల్లు అయిపోతే పండుగకు గోడలు దులిపేటప్పుడు గాని తెలిసేది కాదు.

నేను పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాల కరెంటు ప్యానెల్ బోర్డులు తయారుచేసే ఒక రేకుల షెడ్డుల పని చేస్తుంటి. మోటార్లకు, పంపులకు, లైట్లకు ఆటోమేటిక్‌గ నడిచే పెట్టెలు కట్టిస్తం. పెట్టె లోపలి బోర్డుకు బుద్ధి చెప్పే ప్రోగ్రాం రాసుడు నా పని. సి భాషల రాస్తుంటి. ఆ ఫ్యాక్టరీకి సైరన్ పెట్టె ఇచ్చింది మా షెడ్డే, దాని ప్రోగ్రాం రాసింది నేనే. అంటే మా అమ్మ పొయ్యి ఎప్పుడు ముట్టియ్యాలెనో ఒక తీరుగ నేనే నిర్ణయిస్తుంటి. ఆ సంగతి అమ్మకు చెప్పి కొన్ని రోజులు గొప్ప పోయిన. అమ్మ మాత్రం, "మరి పొద్దుటి కూత జెర ముందుకు జరుపు, పాల బండి జల్దీ వస్తున్నది" అన్నది.

కష్టం ఏడ వచ్చిందంటే, సి భాషల రాసింది బోర్డుల ముద్ర కొట్టినట్టు కూసుంటది. ఒక్క నిమిషం జరపాలన్నా నేను లాప్‌టాప్ పట్టుకొని పోవాలె, కేబుల్ పెట్టాలె, పాతది తుడిచి కొత్తది ఎక్కియ్యాలె. ఫ్యాక్టరీలనేమో టైములు ఊరికూరికె మారుతయి. రంజాన్ల ఒక టైము. ఎండాకాలం ఒక టైము. ఆర్డర్లు ఎక్కువుంటే మూడు షిఫ్టులు, తక్కువుంటే రెండు. మారినప్పుడల్లా ఆడి హెచ్చార్ మేనేజర్ నుంచి ఫోను.

హెచ్చార్ సారు వాళ్లది కోస్తా. వాళ్ల నాయిన ఎప్పుడో ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంల నౌకరి దొరికి వచ్చిండు. సారు పుట్టింది, చదివింది, పెండ్లి చేసుకున్నది అంతా ఇక్కడి క్వార్టర్లల్లనే. కానీ మాట మాత్రం ఇంకా గుంటూరు దాటలే. ఎంత చిన్నోడినైనా అండీ అనే పిలుస్తరు. "ఏమండీ, ఒక్క అయిదు నిమిషాలండీ, జరిపేసి వెళ్లిపోదురు గాని" అంటరు. ఆ అయిదు నిమిషాలు జరపనీకి నాకు పూట పడుతుండె.

మా ఓనరుకు ఇది నచ్చలే. "తమ్మీ, పెట్టె అమ్మినమా, నిన్ను అమ్మినమా?" అని అడిగిండు ఒకరోజు.

అప్పుడే నాకొక ఉపాయం తోచింది. లువా అని ఒక చిన్న భాష ఉన్నది. అది సి ప్రోగ్రాం కడుపుల ఒదిగి కూసునేటందుకే పుట్టిన భాష. టైముల లెక్కలన్ని ఆ భాషల రాసి ఒక మెమరీ కార్డుల పెడితే, మార్చుకునేది వాళ్లే మార్చుకుంటరు. నేను పోయే పని లేదు. నా సి ప్రోగ్రాం నిమిషానికొకసారి ఆ కార్డుల ఉన్న ఫంక్షన్‌ను, అంటే ఆ లెక్కల ముక్కను, పిలుస్తది. పిలుసుడంటే ఒక దొంతి పేర్చుడు. కింద ఫంక్షన్, దాని మీద వారం, ఆ మీద గంట, ఆ మీద నిమిషం. "ఇదిగో ఇయ్యాల శనివారం, ఇంత టైమయింది, కూయాల్నా?" అని అడుగుడన్నట్టు. పిలిచినంక దొంతి మీదివన్ని పోయి వాటి జాగల ఒక్క జవాబు మిగులుతది. ఔనంటే సైరన్ కూస్తది, కాదంటే ఊకుంటది. జవాబు తీసుకొని దొంతి ఖాళీ చేసుడు, మళ్ల నిమిషానికి మళ్ల అడుగుడు.

ఓనరుకు ఇదంతా చెప్పిన. ఆయన చివరిదాక విని, "ఏం పేరంటివి? హల్వానా?" అన్నడు.

"లువా అన్నా."

"ఏదో ఒకటి. ఇగ నువ్వు ఆడికి పోయేది లేదు కద?"

"లేదన్నా."

ఈ ఒక్క మాట మా ఓనరు తర్వాత ఎన్నిసార్లు యాద్ చేసిండో చెప్పలేను.

పెట్టె మార్చి, హెచ్చార్ సారుకు నేర్పనీకి పోయిన. ఆయన కొత్త నోటుబుక్కు, రెండు రంగుల పెన్నులు ముందల పెట్టుకొని తయారుగున్నరు. ఎప్పుడో కాలేజీల చదివేటప్పుడు కంప్యూటర్ కోర్సు చేసిన్నని, పరిస్థితులు బాగలేక హెచ్చార్ల పడ్డనని చెప్పిండ్రు.

"ఇది ఫంక్షన్ సార్. లోపల మీ లెక్కలు మీరు రాసుకోండ్రి. చివరికి మాత్రం రిటర్న్ అని రాసి జవాబియ్యాలె. ట్రూ అంటే కూస్తది, ఫాల్స్ అంటే కూయదు."

"రిటర్న్స్ గురించి నాకు చెప్పక్కర్లేదండీ" అని నవ్విండ్రు సారు. "లేబర్ డిపార్టుమెంటుకి, పీఎఫ్ వాళ్లకి, ఫ్యాక్టరీస్ వాళ్లకి ఏడాది పొడుగునా వేస్తూనే ఉంటాను."

"గవి వేరు సార్."

"రిటర్న్ ఏదైనా రిటర్నే. అడిగిన వాళ్లకి గడువులోగా జవాబివ్వడం. అంతే కదా?"

ఆలోచిస్తే అది గూడ నిజమే అనిపించింది.

సారుకు ఆ పని మీద ఇంత ఇష్టం పుడుతదని నేననుకోలే. వారం తిరగకముందే ఫోను చేసి, కొత్తగ ఏం రాసిండ్రో చదివి వినిపిస్తుండ్రి. ప్రోగ్రాంల రెండు అడ్డగీతలు పెడితే ఆ పక్కన మనుషుల కోసం ఏదైనా రాసుకోవచ్చు, మిషిను పట్టించుకోదు అని నేనే చెప్పిన. దాంతోని సారు చెయ్యి ఆగలే. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, యాజమాన్యము వారి నిర్ణయము మేరకు పగటి భోజన విరామపు సైరన్ సమయములో స్వల్ప మార్పు చేయబడినది" అని మొదలైతుండె, తర్వాత నాలుగు లైన్ల ప్రోగ్రాం, కింద "ఇట్లు" అని హోదాతోని సహా. నోటీసుబోర్డు మీద పెట్టిన సర్క్యులర్ ఎవ్వడు చదవడు, ఇక్కడ రాస్తే కనీసం మిషినైనా వింటుంది అని ఆయన సంతోషం.

మొదటి ముచ్చట ఒక శనివారం జరిగింది.

ఆ పొద్దు నేనే లేటుగ లేచిన. అమ్మను అడిగితే, "ఇంకా కూత కాలేదు కద" అని వాకిట్ల నింపాదిగ కూసొని ఉన్నది. పాల బండి వచ్చి, పాలు తయారుగ లేవని హారన్ కొట్టి పోయింది. నాకు అనుమానం రాలే, గాలి అటు దిక్కు కొడితే కూత ఒక్కొక్కసారి ఇనరాదు. ఉరుకుల మీద పటాన్‌చెరు పోయిన. పగటికి అమ్మ ఫోను.

"ఏందిరా, మీ కంపెనీ కూస్తలేదు?"

"మా కంపెనీ కాదమ్మా అది."

"కూత నువ్వే రాస్తవంటివి కద?"

"రాసింది నేనే. ఏమయింది?"

"ఏమయిందంటవా? పత్తి ఏరవోయిన ఆడోళ్లు ఇంకా చేన్లనే ఉన్నరు. కూత కాలేదు, అన్నానికి టైము కాలేదంటున్నడు ఆ చేను పటేలు. మీ పెద్దబాపు ఎసరు పెట్టలేదని ఇంట్ల లొల్లి చేస్తున్నడు. హోటలాయన మిర్చీలు వేసిండు, తినేటోడు లేడు. జెర చూడు బిడ్డా."

ఓనరు మొకం చూడకుండ బండి తీసిన. దారి పొడుగున నాకొకటే బాధ, ఫ్యాక్టరీల ఎంత పరేషానుండెనో, మనుషులు అన్నానికి పోయిండ్రో లేదో అని. పోయి చూస్తే క్యాంటీన్ల అందరు తిని చేతులు కడుక్కొని, ఫోన్లు చూసుకుంట కూసున్నరు. హెచ్చార్ సారు తన గదిల పెరుగన్నం చివరి ముద్దల ఉన్నరు.

"ఏంటండీ ఇలా వచ్చారు? కూర్చోండి."

"సైరన్ మోగలేదంట కద సార్ పొద్దుటి సంది."

"అలాగా!" అన్నరు సారు. నిజంగనే ఆశ్చర్యపోయిండ్రు. "మాకెవరికీ తెలీనే లేదండీ."

గేటు కాడి సెక్యూరిటీని పిలిచి అడిగిండ్రు. అతను ఒడిశా మనిషి. "హా సాబ్, సుబహ్ సే నహీ బజా" అన్నడు చల్లగ. మరెందుకు చెప్పలేదంటే, ఎవరు అడగలేదు కద అన్నడు. ఇన్నేండ్ల సంది సైరన్ ఎవరి కోసం కూస్తున్నదో ఆ గదిల మా ముగ్గురికి అప్పుడు అర్థమయింది. లోపలోళ్లకు వేలిముద్ర మిషిన్లున్నయి, ఫోన్లున్నయి. కంపెనీ ఊరి కోసం కూస్తున్నది. కరెంటు బిల్లు మాత్రం కంపెనీది.

కార్డు తీసి చూసిన. శనివారం ఆఫీసు వాళ్లకు సగం రోజే చేసిండ్రంట. దాని కోసం సారు కొత్తగ రాసిండ్రు. పెద్ద ప్రకటన ఉన్నది, శనివారమైతే అని ఉన్నది, భోజనం టైము ఎంతనో లెక్క ఉన్నది. రిటర్న్ లేదు.

"అన్ని రాసిండ్రు సార్. జవాబే చెప్పలే."

"లెక్క కట్టాను కదండీ. అది చూసుకోదా?"

"చూసుకోదు సార్. మీరు లోపల ఎంత లెక్క కట్టినా నా ప్రోగ్రాంకు కనపడదు. నేను ఒక్క జవాబు కావాలని అడుగుత. మీరేం చెప్పకపోతే లువా ఆ జాగల 'నిల్' అని ఒకటి పెడ్తది, అంటే ఏం లేదని. ఏం లేదంటే నా సి ప్రోగ్రాం వద్దనుకుంటది."

సారు చేతిల ముద్ద మళ్ల గిన్నెల పెట్టిండ్రు. "ఇదేం న్యాయమండీ? మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. మా ఆఫీసులో సర్క్యులర్ వేసి వారంలోగా ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే."

"ఈడ చెప్పకపోతే ఒప్పుకోనట్టు సార్."

"మీ మిషను యూనియన్‌లో చేరినట్టుందండీ" అన్నరు.

రిటర్న్ రాసి, కార్డు పెట్టి, సాయంత్రం కూత దగ్గరుండి విని ఇంటికి పోయిన. మల్లొచ్చే శనివారానికి మా సర్పంచ్ ఫ్యాక్టరీకి పోయి, మీ సగం రోజులు మీరు చేసుకోండ్రి గని కూత మాత్రం రోజటి లెక్కనే ఉండాలె అని చెప్పొచ్చిండు. హెచ్చార్ సారు ఒప్పుకున్నరు. గట్ల, ఆఫీసోళ్లు ఇంటికి పోయినంక గూడ శనివారం కూతలన్ని ఊరి కోసం కూస్తుండె.

ఆ తర్వాత సారు జాగ్రత్త పడ్డరు. ఏ దారిల పోయినా చివరికి జవాబు ఉండాలె అని పట్టు పట్టి, ప్రోగ్రాం మొత్తం మళ్ల రాసిండ్రు. రాస్తరాస్త, ట్రూ, ఫాల్స్ అన్న మాటలు ఆయన కంటికి నదురుగ కనపడలే. హాజరు పట్టీల వచ్చినోడికి ఒకటి, రానోడికి సున్నా వేసి అలవాటైన చెయ్యి. కూయాలంటే ఒకటి, వద్దంటే సున్నా అని మార్చిండ్రు. నాకు ఫోను చేయలే. బాగుంటే అప్పుడు చెప్పి ఆశ్చర్యపరుద్దామనుకున్నరంట. ఆశ్చర్యపరిచిండ్రు.

ఇక్కడ లువా గురించి ఒక ముక్క చెప్పాలె. మిగతా చాలా భాషలల్ల సున్నా అంటే లేదు, కాదు. సి లో అంతే. లువాల మాత్రం ఫాల్స్, నిల్, ఈ రెండిటికే 'కాదు' అని అర్థం. మిగతావన్ని ఔననే. సున్నా గూడ ఔననే. దాని దగ్గర సున్నా గూడ ఒక వస్తువే, ఉన్నది కాబట్టి ఉన్నట్టే. నా సి ప్రోగ్రాం ఆ జవాబును ఔనా కాదా అని చూసేటప్పుడు లువా లెక్కనే చూస్తది.

ఒక పొద్దు చాయ్ టైముకు ముందు సారు కొత్త కార్డు పెట్టిండ్రు. సైరన్ కూసింది. ఆగింది. నిమిషానికి నా ప్రోగ్రాం మళ్ల అడిగింది, సున్నా వచ్చింది, సైరన్ మళ్ల కూసింది. మళ్ల నిమిషానికి మళ్ల.

మా దిక్కు కెమికల్ కంపెనీల నడుమ బతికెటోళ్లకు కూత మీద కూత అంటే ఏందో తెలుసు. ఊరి మొదట్లనే కంపెనీ వాళ్లు బోర్డు పెట్టిండ్రు. సైరన్ పదే పదే మోగితే గ్యాసు లీకైనట్టు, తడి గుడ్డ ముక్కుకు కట్టుకోవాలె, గాలికి అడ్డంగ నడిచి దూరం పోవాలె, అని. దాన్ని నేర్పనీకి ఒకసారి డ్రిల్ పెడితే, పులిహోర పొట్లాలిస్తమన్న దాక ఎవరు ఇల్లు కదలలే. ఈసారి పొట్లాల మాట ఎవరు అడగలే. పెద్దబాపు తువ్వాల గాలిల పట్టుకొని గాలి ఎటు కొడుతున్నదో చూసి, "జోగిపేట దిక్కు నడువుండ్రి" అని ఒర్రిండంట. ట్రాక్టర్లు, ఆటోలు, మోటరు సైకిళ్లు, పిల్లలు, మేకలు, అన్ని మెయిన్ రోడ్డు పెట్రోలు బంకు దిక్కు పోయినయి.

నేను పటాన్‌చెరుల ఉన్న. ఊర్లకెల్లి ఒక్కసారే అన్ని ఫోన్లు. నేను హెచ్చార్ సారుకు చేస్తే ఎత్తలే. అమ్మకు చేసిన.

"నువ్వేడున్నవ్? బయటికి పోయినవా?"

"నేను పోతలేను బిడ్డా. బర్రె నొప్పులు పడుతున్నది."

"బర్రె ఏందమ్మా, గ్యాసు అంటున్నరు!"

"నాకైతే ఏం వాసన వస్తలేదు. తొలి కాన్పు దానికి, ఇడిసిపెట్టి ఎట్ల పోవాలె? నువ్వు భయపడకు, నేను ముక్కుకు కొంగు కట్టుకున్న" అని ఫోను పెట్టేసింది.

ఆ రోజు బండి ఎట్ల నడిపిన్నో నాకు యాదికి లేదు. ప్రోగ్రాంలు రాసెటోడు ఎవడైనా తన రాతల తప్పు ఉండొద్దని కోరుకుంటడు. నేను ఆ రోడ్డు మీద, తెలిసిన దేవుండ్లందరికి, తప్పు నా దాంట్లనే ఉండాలె, ఎంత సిగ్గుపడేదైనా సరే నా దాంట్లనే ఉండాలె అని మొక్కుకుంట పోయిన. గ్యాసు కావొద్దు, బగ్గు కావాలె. సంగారెడ్డి దాటినంక హెచ్చార్ సారు ఫోను వచ్చింది. బండి పక్కకు ఆపిన.

"ఏమండీ, అది దానంతటది ఆగట్లేదండీ. నేను సున్నా ఇచ్చాను. సున్నా అంటే వద్దనే కదండీ?"

బండి మీదనే వంగి కూసున్న. తర్వాత నవ్వు వచ్చింది, అది ఆగనే లే.

"నవ్వుతారేంటండీ?"

"గ్యాసు లేదు కద సార్?"

"గ్యాసేంటండీ? ఎక్కడ?"

ఆయనకు తెలియదు. గోడ అవతల ఊరు ఖాళీ అయిపోయిందని ఆయనకు తెలియనే తెలియదు. సైరన్ తన మాట వినలేదన్నదే ఆయన బాధ.

"ముందు మెయిన్ స్విచ్ బంద్ చేయండ్రి సార్."

"అది ఎప్పుడో చేశానండీ. తప్పెక్కడుందో అని ఇంతసేపూ ప్రోగ్రాం చదువుతున్నాను."

పెట్రోలు బంకు కాడికి పోయేసరికి ఊరంతా ఆడనే ఉన్నది. హోటలాయన స్టవ్వుతోని సహా వచ్చినట్టున్నడు, చాయ్ అమ్ముతున్నడు. గ్యాసు లేదు, మిషిను తప్పు అని ఒర్రి చెప్పిన. కొందరు నమ్మలే. నమ్మినోళ్లు తిట్టిండ్రు. పెద్దబాపు ఒక్కడు నెమ్మదిగ అడిగిండు, తప్పు ఏందని. చెప్పిన. సారు వద్దని సున్నా వేసిండు, ఆ భాషల సున్నా అంటే ఔనంట.

"సున్నా అంటే ఔనా?" అన్నడు పెద్దబాపు. "ఎవని భాషరా అది?"

ఆడికెల్లి ఇంటికి ఉరికిన. కొట్టంల అమ్మ చెంగు నడుముకు చెక్కుకొని కూసున్నది. పక్కన తడితడిగ పెయ్యదూడ. బర్రె దాన్ని నాకుతున్నది. బర్రె చెవులల్ల తెల్లగ ఏందో కనపడ్డది.

"పత్తి పెట్టిన" అన్నది అమ్మ. "ఆ కూతకు బెదురుతుండె పాపం."

"మరి నీ చెవులల్ల?"

"నాకెందుకు? నేనేమన్న ఈనుతున్ననా?"

నేను ఆమె పక్కన గడ్డిల కూలబడి, పొద్దు గూకేదాక లేవలే.

తెల్లారి ఫ్యాక్టరీకి పోయిన, ఏ శిక్షకైనా తయారుగ. సేఫ్టీ ఆఫీసరు, హెచ్చార్ సారు ఇద్దరు ఒక కాయితం రాస్తున్నరు. ముందుగ చెప్పకుండ జరిపిన మాక్ డ్రిల్ గురించి నివేదిక. చుట్టుపక్కల గ్రామం పూర్తిగా, క్రమశిక్షణతో, గాలి దిశ చూసుకొని ఖాళీ అయినదని అందుల ఉన్నది.

"సార్, ఇది డ్రిల్ కాదు కద" అన్న నేను.

"చూడండీ, తప్పనుకుంటే తప్పవుతుంది. డ్రిల్ అనుకుంటే డ్రిల్ అవుతుంది. వాళ్లు ఖాళీ చేసింది నిజమా కాదా?"

"నిజమే."

"ఆ ముక్కే రాశామండీ."

కొన్నాళ్లకు హెడ్డాఫీసు నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. అద్దాల ఫ్రేము కట్టించి రిసెప్షన్ల పెట్టిండ్రు.

మా ఓనరు మాత్రం ఆ హల్వా తీసెయ్యమన్నడు. నేను తీయలే. సి దిక్కు ప్రోగ్రాం మార్చిన. జవాబు రాంగనే అది ఏ రకమో చూస్తది. ట్రూనో ఫాల్సో అయితేనే నమ్ముతది. ఒకటి, సున్నా, నిల్, ఇంకేదైనా వచ్చిందంటే, లేదా ఫంక్షన్ నడుమల పడిపోయిందంటే, బోర్డుల ముద్ర కొట్టిన పాత టైములే పట్టుకొని కూస్తది. హెచ్చార్ సారుకు చూపెట్టిన. ఆయన మొకం చిన్నబోయింది.

"అంటే నేనిచ్చిన జవాబుకి విలువ లేదన్నమాట."

"విలువ ఉన్నది సార్. రకం సరిగ్గ ఉండాలె, గంతే."

"మా హెడ్డాఫీసు వాళ్లూ ఇదే అంటారండీ" అన్నరు సారు. అయినా రాసుడు ఇడువలే.

ఆ పత్రం పుణ్యాన మరుసటి ఏడు జిల్లా అధికారి స్వయంగ డ్రిల్ చూడనీకి వచ్చిండు. ఇంత క్రమశిక్షణ ఉన్న ఊరును చూడాలని ముచ్చటపడ్డడంట. షామియానా వేసిండ్రు. నన్ను గూడ, మిషిన్ మనిషినని, రమ్మన్నరు. ఊరికి ముందే చెప్తే డ్రిల్ ఎట్లయితది అని ఎవరికి చెప్పలే. సరిగ్గ అనుకున్న టైముకు సైరన్ కూసింది. ఆగి మళ్ల కూసింది. ఈసారి ప్రోగ్రాంల ఎసొంటి తప్పు లేదు, ట్రూ అని నికార్సైన జవాబు వస్తున్నది.

ఊరు కదలలే.

అధికారి, హెచ్చార్ సారు, సేఫ్టీ ఆఫీసరు, వాళ్ల ఎనుక నేను, నడుసుకుంట ఊర్లకు పోయినం. పంచాయతీ ఆఫీసు అరుగు మీద పెద్దబాపు, ఇంకా కొందరు కూసొని ఉన్నరు. సైరన్ మా ఎనుక కూస్తనే ఉన్నది. అధికారి పెద్దబాపును అడిగిండు.

"పెద్దాయనా, సైరన్ వినిపిస్తుందా?"

"మంచిగ వినొస్తున్నది సార్."

"ఇట్లా ఆగకుండా మోగితే ఏం చేయాలె?"

"ఏం చేయొద్దు సార్. ఆ హెచ్చార్ సారు మళ్ల సున్నా ఏసిండన్నట్టు."

"సున్నానా?"

"మన తీరు గాదు సార్ అది. మన దగ్గర సున్నా అంటే లేదని. ఆ మిషిన్ల సున్నా అంటే ఔనని. సారు వద్దని ఏస్తడు, అది ఔననుకుంటది. జెరసేపైతే మా పిలగాడు వచ్చి బంద్ చేస్తడు. అగో, వచ్చిండు కద" అని నా దిక్కు చెయ్యి చూపెట్టిండు.

అధికారి నా దిక్కు చూసిండు, సారు దిక్కు చూసిండు. హెచ్చార్ సారు గొంతు సవరించుకున్నరు.

"గ్రామస్థులకు సాంకేతిక అవగాహన బాగా ఉందండీ" అన్నరు.

అధికారి ఎనుక ఉన్న గుమాస్తా ఆ మాట రాసుకున్నడు.

అందరు నవ్విండ్రు, నేను గూడ నవ్విన. కానీ ఆ అరుగు కాడ నిలబడ్డంతసేపు నాకొకటే ఆలోచన. మొదటిసారి అబద్ధం కూస్తే ఊరంతా ఉరికింది. ఇప్పుడు నిజం కూస్తున్నది, అరుగు మీద ఒక్కడు కాలు కిందికి దించలే. నిజంగనే గ్యాసు అయితే? పెద్దబాపుకు ఆ సాయంత్రం కూసొని చెప్పిన, ఇప్పుడు మిషిను మారింది, సున్నాను నమ్మదు, ఈసారి కూస్తే నిజమే అని. ఆయన అంతా విని, "గదే మాట మొదలు గూడ చెప్పినవ్ కద, ఇది మంచి మిషినని" అన్నడు.

కంపెనీ వాళ్లు ఆలోచించి కొత్త పద్ధతి తెచ్చిండ్రు. కూత రోజటి టైములకే. ఆపద వస్తే ఊర్ల అందరి ఫోన్లకు మెసేజ్ పోతది. ఇంటింటికి తిరిగి నంబర్లు రాసుకున్నరు. మొదటి మెసేజ్ వచ్చిన పొద్దు అమ్మ ఫోను తెచ్చి నా చేతుల పెట్టింది. ఇంగ్లీషుల ఉన్నది.

"ఏమని పంపిండ్రు?"

"ఇది ట్రయల్ అంట అమ్మా. ఈ నంబరుకు జవాబియ్యొద్దు అని గూడ రాసిండ్రు."

అమ్మ ఫోను మళ్ల తన చేతులకు తీసుకున్నది.

"జవాబు వద్దనుకున్నోడు నన్ను పిలుసుడెందుకురా?" అన్నది. ఫోను ఛార్జింగుకు పెట్టి, తట్ట నెత్తిన పెట్టుకొని చేనుకు పోయింది.